శబ్దం మెటల్, బతుకు హార్డ్‌కోర్

1990ల చివర్లో బెంగళూరులో ఒక గట్టి పాట వినాలంటే ముందు ఒక మనిషిని సంపాదించుకోవాలి. మెటాలికా, ఐరన్ మెయిడెన్ లాంటి పెద్ద పేర్లు బ్రిగేడ్ రోడ్డు షాపుల్లో కేసెట్లుగా దొరికేవి. అంతకంటే లోతుకు పోవాలంటే షాపులు పనికిరావు. జయనగర్‌లోనో ఫ్రేజర్ టౌన్‌లోనో అమెరికాలో అన్న ఉన్నవాడు, దుబాయిలో మామ ఉన్నవాడు ఎవడో ఒకడు ఉంటాడు. వాడి దగ్గర అసలు కేసెట్ ఉందన్న కబురు మోసుకొచ్చేవాడు ఇంకొకడు ఉంటాడు. ఇద్దరితోనూ పరిచయం పెంచుకుని, టీలు తాగించి, నమ్మకం కుదిరాక తొంభై నిమిషాల ఖాళీ టీడీకే కేసెట్ ఒకటి చేతిలో పెట్టి రావాలి. వారానికో పది రోజులకో అది నిండి తిరిగొచ్చేది.

పక్కింటివాళ్ల దగ్గర తోడు తెచ్చుకుని పాలలో వేసుకున్నట్టుగా ఒక కేసెట్ నుంచి ఊరంతా కేసెట్లు పుట్టేవి. ఇచ్చినవాడికి తరిగేదేమీ లేదు కాబట్టి అడిగితే కాదనేవాడు అరుదు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ అయ్యేసరికి తాళాల చప్పుడు అరిగి ఇసుక జల్లినట్టు ఒక ‘సీ’ మిగిలేది. ఆ ‘సీ’ తోనే పాట నేర్చుకున్నాం. చాలా ఏళ్లకు అవే ఆల్బమ్‌లు సీడీల్లో శుభ్రంగా విన్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించింది.

హార్డ్‌కోర్ పంక్ మా చెవిన పడింది ఈ కేసెట్ల చివర్లోనే. టేపుకు ఒకవైపు నలభై అయిదు నిమిషాలు. ఆల్బమ్ నలభై మూడు నిమిషాలకు అయిపోతే మిగిలిన రెండు నిమిషాలు ఖాళీగా వదలడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. రెండు నిమిషాల్లో మెటల్ పాట పట్టదు. నిమిషంన్నరలో మొదలై, అరిచి, ముగిసిపోయే పాటలు ఎక్కడివయ్యా అంటే అమెరికా హార్డ్‌కోర్ బ్యాండ్లవి. అలా మైనర్ థ్రెట్, బ్లాక్ ఫ్లాగ్ మా ఇళ్లలోకి పేరు కూడా రాయని పాటలుగా, మిగిలిన టేపు నింపడానికి వచ్చాయి. మిగతా దారి మెటల్ బ్యాండ్లే వేశాయి. 1996లో స్లేయర్ ‘అన్‌డిస్ప్యూటెడ్ ఆటిట్యూడ్’ పేరుతో ఇంచుమించు ఆల్బమ్ మొత్తం పాత పంక్ పాటలే వాయించింది. అందులో మైనర్ థ్రెట్ పాటలూ ఉన్నాయి. 1998లో మెటాలికా ‘గరాజ్ ఇంక్.’లో డిస్‌చార్జ్, మిస్‌ఫిట్స్ పాటలు పాడింది. కేసెట్ అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేర్లే మాకు పాఠ్యపుస్తకం. ఒక పేరు దొరికితే, అది ఎవరి దగ్గరుందో వెతకడానికి బస్సెక్కేవాళ్లం.

నాది మదనపల్లె. ఇంజనీరింగ్ చదువుకు బెంగళూరు వచ్చి అల్సూరులో మా అత్తయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ వీధిలో సగం ఇళ్లలో తెలుగు, మిగిలిన సగంలో తమిళం, రోడ్డెక్కితే కన్నడం. రాత్రి అన్నాలయ్యాక టేప్ రికార్డర్ దగ్గర కూర్చుంటే వంటింట్లోంచి అత్తయ్య కేకేసేది.

“ఏందిరా నాయనా అది, ఎవుర్నో కొడతా ఉండారే?”

“పాట అత్తా.”

“పాటకు అంత నొప్పేందిరా?”

నేను జవాబు వెతుక్కునేలోగా పక్కింటి కుక్క అరవడం మొదలుపెట్టేది. ఆ తర్వాత నెలకు నా పుట్టినరోజని అత్తయ్య డబ్బులిచ్చి చొక్కా కొనుక్కోమంది. వాక్‌మన్ కొంటావా అని మామయ్య మెల్లగా అడిగాడు. ఇంట్లో అందరి ప్రాణానికీ అదే మేలని తేలింది.

బెంగళూరు మెటల్‌కు అప్పటికే ఒక వయసుంది. 1988లో మొదలైన మిలెనియం దేశంలోనే తొలి మెటల్ బ్యాండ్లలో ఒకటి. దాని గాయకుడు వర్నన్ ఇబ్రహీం పేరు మేం చదువుకునే రోజులకు సీనియర్లు కథలుగా చెప్పేవారు. 1998లో నోలన్ లూయిస్, గణేశ్ కృష్ణస్వామి కలిసి క్రిప్టోస్ పెట్టారు. థ్రైనోడీ, మైండ్‌స్నేర్ లాంటి బ్యాండ్లు ఆ చుట్టుపక్కలే పుట్టాయి. అలహాబాదు నుంచి 1993లో మొదలైన రాక్ స్ట్రీట్ జర్నల్ మా చేతికొచ్చేసరికి నలిగిపోయి ఉండేది. అమిత్ సైగల్ నడిపిన ఆ పత్రికే దేశంలోని బ్యాండ్ల పాటలు ఏరి కేసెట్లుగా వేసేది. బెంగళూరు కుర్రాడి పాటను షిల్లాంగ్ కుర్రాడు వినాలంటే అంతకు మించి దారి లేదు.

మరి ఇంత గట్టి శబ్దం ఉన్న ఊళ్లో హార్డ్‌కోర్ బ్యాండ్లు ఎందుకు పెద్దగా పుట్టలేదు? కారణం కాలేజీ పోటీలు. అప్పట్లో బ్యాండుకు వేదిక అంటే ఫెస్టే. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ నడిపే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్, బన్నేరుఘట్ట రోడ్డు ఐఐఎంలో ఉన్మాద్, ఇంకా ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలో ఒకటి. ముందు ప్రిలిమ్స్, ఆ తర్వాత ఫైనల్స్, ముందు వరసలో మార్కులు వేసే జడ్జీలు. గిటారు సోలో ఎంత వేగంగా ఉంది, డ్రమ్స్, బేస్ ఎంత బిగువుగా కలిశాయి అన్నదే లెక్క. మూడు కార్డ్‌లు పట్టుకుని నిమిషంన్నర అరిచి దిగిపోయే బ్యాండుకు జడ్జి ఏం వేస్తాడు? పైగా నాన్నను ఒప్పించి గిటారు కొన్నవాడు ఇంట్లో చూపించడానికి ఏదో ఒక విద్య పట్టాలి. మెటల్‌లో సాధన కనిపిస్తుంది. పంక్‌లో సాధన కనిపించకూడదు. ఎంసెట్‌లూ సీఈటీలూ రాసి వచ్చినవాళ్లం కదా, కష్టమైన పాఠమే మాకు గౌరవం.

అయితే హార్డ్‌కోర్ అంటే శబ్దం ఒక్కటే కాదు. 1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు విడిపోతూ, కచేరీల్లో కూడబెట్టిన కొన్ని వందల డాలర్లు పంచుకోకుండా వాటితో తమ రికార్డు తామే వేసుకుంది. అట్టలు తామే మడిచి జిగురు పెట్టి అంటించారు. డిస్కార్డ్ రికార్డ్స్ అలా పుట్టింది. ఆ బ్యాండులో బేస్ వాయించిన ఇయాన్ మెకాయ్ తర్వాత మైనర్ థ్రెట్‌కు గొంతయ్యాడు. మందు తాగే వయసు రాని పిల్లల్ని క్లబ్బులు లోపలికి రానిచ్చేవి కావు. చేతి మీద నల్లగా పెద్ద ఇంటూ గుర్తు గీస్తే వీళ్లకు మందు పోయనక్కర్లేదని తెలుస్తుంది, పాట మాత్రం విననివ్వండని ఈ కుర్రాళ్లు అడిగి ఒప్పించారు. ఎవరి పిలుపు కోసమూ ఆగొద్దు, ఉన్నదాంతో మొదలుపెట్టు, టికెట్ అందరికీ అందేలా పెట్టు, వేదిక మీదివాడికీ కిందివాడికీ తేడా పెట్టకు: ఆ లోకం సారాంశం ఇంతే. ఈ కథంతా మాలో చాలామందికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కాని మేం బతికింది అచ్చంగా అలాగే.

మేమూ ఒక బ్యాండు పెట్టుకున్నాం. మొదట వాయిద్యాల సంగతి. విదేశీ గిటారు చేతికందని ధర. మాకు దక్కింది కలకత్తా గివ్‌సన్. దాని మెడ మీద తీగలు ఎంత ఎత్తుగా ఉండేవంటే వేళ్లు కాయలు కాసేదాకా సుఖం లేదు. తంబురా శ్రుతి తప్పినా సర్దుకుంటుందేమో గాని గివ్‌సన్ ఒకసారి తప్పితే ఆ సాయంత్రానికి అంతే. మా గిటారిస్టు దాని వంతెన కింద పోస్టుకార్డు ముక్క మడిచి పెట్టేవాడు. స్ట్రేంజర్ ఆంప్ ఒకటి నాలుగు బ్యాండ్ల మధ్య తిరిగేది. అది ఎవరిదో చివరికి ఎవరికీ గుర్తు లేదు. జామ్ రూములు గంట లెక్కన అద్దెకు దొరికేవి: ఒక ఇంటి మేడ మీద గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పరుపు. ఫ్యాను వేస్తే దాని మోత మైకులోకి వస్తుందని ఆపేసేవాళ్లం. గంట అయ్యేసరికి నలుగురం స్నానం చేసినట్టు బయటపడేవాళ్లం. తర్వాతి బ్యాండు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుండేది. మా తీగ తెగితే వాళ్ల దగ్గర తీసుకునేవాళ్లం, వాళ్ల డ్రమ్మరు రాకపోతే మావాడు ఇంకో గంట కూర్చునేవాడు.

డ్రమ్స్‌ను ఆటోలో ఎక్కించడం ఒక విద్య. బేస్ డ్రమ్ సీటు మీద, దాని పొట్టలో స్నేర్, తాళాలు కాళ్ల సందున, స్టాండ్లు డ్రైవరు పక్కన. డ్రమ్మరు మాత్రం వెనక బస్సులో. అల్సూరు స్టాండులో మా చిత్తూరు జిల్లా ఆటోవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. “యాడికి సామీ, పెండ్లికా?” అని అడిగితే అవునని చెప్పేవాళ్లం. పెళ్లి బ్యాండంటే మీటరు మీద అదనం అడిగేవాళ్లు కాదు.

1996లో మొదలైన ఫ్రీడమ్ జామ్ మా తిరునాళ్లు. ఆగస్టు పదిహేను ముందూ వెనకా జరిగే ఆ ఉచిత కచేరీలో పోటీ లేదు, మార్కుల్లేవు. పేరు రాయించుకుంటే వంతు వచ్చేది. వర్షం పడితే తడిసిపోతూనే వైర్ల మీద పట్టాలు కప్పేవాళ్లం. మెటల్ బ్యాండు దిగాక బ్లూస్ పాడే పెద్దాయన ఎక్కేవాడు, ఆయన దిగాక కన్నడ జానపదం పాడే కుర్రాళ్లు. అందరికీ ఒకటే డ్రమ్ సెట్టు, ఒకటే మైకు.

మా సొంత షోల తీరు వేరు. అపార్ట్‌మెంట్ హాలో, స్కూలు ఆడిటోరియమో పగటిపూట అద్దెకు తీసుకునేవాళ్లం. హాలు ఇచ్చేవాడు ఏం కార్యక్రమం అంటే “సంగీతం” అనేవాళ్లం. అబద్ధం కాదు కదా. జిరాక్స్ పోస్టర్లు మైదాపిండి జిగురుతో మేమే అంటించేవాళ్లం. నాకు గిటారు పెద్దగా పట్టుబడలేదు గాని లెక్క తప్పడని పేరొచ్చింది. అందుకని ప్రతి షోకి తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చునేది నేనే. ఒక బిస్కెట్ డబ్బా, ఒక రబ్బరు స్టాంపు, ఇంకు పెట్టె. డబ్బులు డబ్బాలో, స్టాంపు మణికట్టు మీద. సగం డబ్బే ఉన్నవాడు ఆ సగం ఇచ్చి, మిగతాదానికి ఆంప్ మోసేవాడు. ఏమీ లేనివాడు షో అయ్యాక ఊడ్చేవాడు. సాయంత్రం డబ్బా బోర్లించి హాలు అద్దె, స్పీకర్ల అద్దె తీసేస్తే బ్యాండ్లకు మసాలా దోశలు వచ్చేవి. దోశలు కూడా రాని రోజులున్నాయి. డబ్బా విషయంలో తగాదా వచ్చిన రోజు మాత్రం లేదు.

ఒక షో ఇంకా కళ్లకు కట్టినట్టుంది. చివరి బ్యాండు వాయిస్తోంది. ముందు నలభై మంది భుజాలతో ఒకర్నొకరు గుద్దుకుంటూ గుండ్రంగా పరుగెడుతున్నారు. చూసేవాడికి అది కొట్లాటే. ఉన్నట్టుండి మధ్యలో ఒకడు రెండు చేతులూ పైకెత్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు పట్టుకుని వలయం కట్టేశారు. డ్రమ్మరు ఆపేశాడు. ఒకబ్బాయి కళ్లజోడు పడిపోయింది. నలభై మందీ అక్కడికక్కడే చతికిలబడి, చేతులతో నేల తడుముతూ వెతికారు. పొడుగు జుట్టు, నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ ఉన్న ఒక భారీ మనిషి దాన్ని తీసి, టీషర్టు కొసతో రెండు అద్దాలూ తుడిచి ఆ అబ్బాయి ముక్కు మీద పెట్టాడు. “సరిగ్గా కనిపిస్తోందా మచ్చా?” అని అడిగాడు. కనిపిస్తోందన్నాక డ్రమ్మరు నాలుగు లెక్కపెట్టాడు, పాట ఆగినచోటి నుంచి మళ్లీ మొదలయింది.

ఆ లోకాన్ని ఆకాశానికెత్తాలని లేదు. అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పాటలన్నీ ఇంగ్లీషు. ఆంప్ మోసినవాడూ డబ్బా చూసినవాడూ ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే. ఆటో నడిపిన మా జిల్లావాడు హాలు గేటు దాకా వచ్చాడు గాని లోపలికి ఎవరం పిలవలేదు. వాషింగ్టన్ కుర్రాళ్లు తమ వీధి భాషలో తమ వీధి మీద కోపం పాడారు. మా కోపానికి వీధి లేదు. తెలుగులో ఒకటి రాద్దామని జామ్ రూములో అనుకున్నప్పుడు మా గాయకుడు ఒప్పుకోలేదు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, అరిస్తే సాగిపోతుంది, దెబ్బ తగలదు అన్నాడు. దానికి జవాబు తర్వాత బెంగళూరు బ్యాండు ద్వేష ఇచ్చింది. కన్నడం కూడా అచ్చుతో ముగిసే భాషే. ఆ భాషలోనే వాళ్లు డెత్ మెటల్ పాడారు. దెబ్బ గట్టిగానే తగిలింది.

2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించింది. అంత పెద్ద మెటల్ బ్యాండు మన దేశానికి రావడం అదే మొదలు. ముందుగా ఢిల్లీ పరిక్రమ వాయించింది. హైదరాబాదు, చెన్నై, ఈశాన్య రాష్ట్రాల నుంచి రైళ్లలో కుర్రాళ్లు దిగారు. పదేళ్లుగా కేసెట్లలో విన్న గొంతు ఎదురుగా నిలబడి పాడుతుంటే మా గిటారిస్టు ఏడ్చేశాడు. ఆ రాత్రి గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే అక్కడ మాకు చేయాల్సిన పనేమీ లేదు. పోస్టరు అంటించలేదు, వైరు లాగలేదు, డబ్బా పట్టుకోలేదు. టికెట్ చూపించి, బారికేడు వెనక నిలబడి, చూసి వచ్చాం. 2008లో మెగాడెత్, 2010లో ల్యాంబ్ ఆఫ్ గాడ్, 2011 అక్టోబరు 30న మెటాలికా, 2012లో స్లేయర్. ఒకప్పుడు కేసెట్ల మీద పేర్లుగా ఉన్నవాళ్లంతా వరసగా మా ఊరికే వచ్చారు. మేం ప్రేక్షకులమయ్యాం.

మరోవైపు చిన్న వేదికలు ఇరుకయ్యాయి. పబ్బుల్లో సంగీతానికి లైసెన్సు కావాలన్న 2005 ఉత్తర్వు 2008లో గట్టిగా అమలుకొచ్చింది. అప్పట్లో రాత్రి పదకొండున్నరకు షట్టర్లు దిగాల్సి వచ్చేది. అపార్ట్‌మెంట్ హాళ్లకు సంఘాలొచ్చాయి, సంఘాలకు నిబంధనలొచ్చాయి. మా ఈడువాళ్లకు ఉద్యోగాలొచ్చాయి. వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి అల్సూరు జామ్ రూముకు ట్రాఫిక్‌లో వచ్చేసరికి బుక్ చేసుకున్న గంట అయిపోయేది. జామ్ రూమున్న మేడను పడగొట్టి అయిదంతస్తులు లేపారు.

బ్యాండ్లు మాత్రం చావలేదు, నిజానికి బాగా ఎదిగాయి. 2004లో తొలి ఆల్బమ్ ‘స్పైరల్ అసెంట్’ తెచ్చిన క్రిప్టోస్ 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది, 2024లో కూడా కొత్త ఆల్బమ్ తెచ్చింది. గణేశ్ కృష్ణస్వామి తర్వాత బెవర్ సీ గొంతయ్యాడు. పేరులోనే మన బేవార్సును దాచుకున్న ఆ బ్యాండు తొలి ఆల్బమ్ 2012లో వచ్చింది. అదే ఏడాది క్రియేటర్‌తో బెంగళూరు ఓపెన్ ఎయిర్ మొదలయింది. 2015లో ఆల్బమ్ తెచ్చిన షెపర్డ్‌లో పంక్ మురికి, మెటల్ బరువు రెండూ వినిపిస్తాయి. మా కేసెట్ చివరి రెండు నిమిషాలకు వారసులు ఎవరైనా ఉంటే వాళ్లే. అసలు సిసలు పంక్ జెండా ముంబైలో ద రయట్ పెడ్లర్స్ లాంటివాళ్లు పట్టుకున్నారు. ఇందిరానగర్‌లో 2013 నుంచి ఇలాంటి బ్యాండ్లకు చోటిచ్చిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది.

కాబట్టి పోయింది సంగీతం కాదు. ఆ రోజుల్లో ఊరికే వినేవాడు ఎవడూ లేడు. వినాలంటే కాపీ చేయాలి, మోయాలి, అంటించాలి, ఊడ్చాలి, అడగాలి. ఇప్పుడు మా అక్క కొడుకు కోరమంగళలో తన గదిలో కూర్చుని లాప్‌టాప్‌లోనే డ్రమ్స్ వేసుకుంటాడు. గిటారు మంచిది, శ్రుతి తప్పదు. ప్రపంచంలోని హార్డ్‌కోర్ అంతా వాడి ఫోనులో ఉంది. నాకు తెలియని ఇండొనేసియా బ్యాండ్ల పేర్లు వాడే చెబుతాడు. పాటలు నిజంగా బాగున్నాయి. ఒకటి తెలుగులో రాశాడు కూడా, ఇంటి ఓనరు మీద. వాణ్ణి చూసి జాలిపడే హక్కు నాకు లేదు. నేను వెతుక్కున్నదంతా వాడికి పుట్టుకతోనే దొరికింది.

మొన్న వచ్చి, “మామా, ముగ్గురం కలిశాం, ఒక షో పెట్టుకుందామనుకుంటున్నాం, ఏమేం కావాలి?” అని అడిగాడు. చెప్పాను. ఒక హాలు, ఒక ఆంప్, తలుపు దగ్గర డబ్బా పెట్టుకుని కూర్చునే నమ్మకమైన మనిషి ఒకడు. మొదటి రెండూ ఇప్పుడు గంట లెక్కన ఫోనులో దొరుకుతాయట. మూడోదానికి వాడు నా వంక చూశాడు. ఎన్ని గంటలకు రమ్మంటావని అడిగాను.